మేనేజర్ లేని గ్రూపు

ఇంటి నుంచి పనిచేసే ఏ సాఫ్ట్‌వేర్ టీమ్‌కైనా సాధారణంగా రెండు గ్రూపులు ఉంటాయి. మొదటిది టీమ్స్, స్లాక్ లాంటి ఆఫీసు చాట్ యాప్‌లో కంపెనీ పెట్టినది. అందులో మేనేజర్ ఉంటారు, టీమ్ లీడ్ ఉంటారు, పొద్దున్నే గుడ్ మార్నింగ్‌లు ఉంటాయి. రెండోది ఎవరో ఒక రాత్రి చిరాకులో వాట్సాప్‌లో తెరిచినది. అందులో ఆ ఇద్దరూ తప్ప మిగతా అందరూ ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు 'చిన్న మార్పే, ఈరోజే లైవ్‌కి పంపేద్దాం' అని మొదటి గ్రూపులో మెసేజ్ పడుతుంది. దాని కింద వరసగా బొటనవేళ్లు లేస్తాయి. అదే నిమిషంలో రెండో గ్రూపులో బ్రహ్మానందం మొహం ఒకటి వచ్చి కూర్చుంటుంది. పక్కన మాట ఒక్కటీ ఉండదు. పదిమంది పది ఇళ్లలో నవ్వుకుని పనిలో పడతారు.

రిమోట్ పనిలో ఒత్తిడిని తట్టుకోవడానికి హాస్యం ఎలా పనికొస్తుందో తెలియాలంటే చూడాల్సింది ఈ రెండో గ్రూపునే. కంపెనీలు ఫన్ ఫ్రైడే పేరుతో నడిపే తంబోలాలు, అంతాక్షరులు కావు. అవి చెడ్డవని కాదు. వాటిలో నవ్వు డ్యూటీలో భాగం. ఒత్తిడి ఎవరి వైపు నుంచి వస్తోందో వాళ్లే నిలబడి నవ్వించబోతే ఆ నవ్వు ఎంత వచ్చినా లోపలి బరువు దిగదు.

ఇదంతా ఈ స్థాయిలో మొదలైంది 2020 మార్చిలో. 24వ తేదీ రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు, మర్నాటి నుంచి దేశమంతా ఇళ్లలోనే. కాల్ సెంటర్లు, ఐటీ సేవల కంపెనీల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడానికి అడ్డుగా ఉన్న నిబంధనలను టెలికాం శాఖ అప్పటికే సడలించింది. 2019 డిసెంబరులో రోజుకు కోటిమంది వరకు చేరే జూమ్ మీటింగుల్లో 2020 ఏప్రిల్‌కి 30 కోట్లు నమోదయ్యాయి. హైదరాబాద్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసేవాళ్లు భీమవరంలో, కరీంనగర్‌లో, అమ్మానాన్నల మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. సిగ్నల్ కోసం డాబా ఎక్కినవాళ్లు, కాల్ మధ్యలో కరెంటు పోయినవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉన్నారు.

అప్పుడు పోయిందేమిటని అడిగితే చాలామంది టీ బ్రేకు అంటారు. సరైన జవాబే. అయితే టీ బ్రేకులో ఏం జరిగేదో కాస్త విడమరచి చూడాలి. అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ 1990లలో తన విద్యార్థులతో కలిసి మాల్స్‌లో, వీధుల్లో జనం సహజంగా నవ్విన 1,200 సందర్భాలను నమోదు చేశాడు. వాటిలో జోకు అనదగ్గ మాటకి వచ్చిన నవ్వులు ఐదో వంతు కూడా లేవు. మిగతావన్నీ 'సరే, పోదామా', 'ఇదుగో వచ్చాడు' లాంటి మామూలు మాటల తర్వాత వచ్చినవే. ఇంకో లెక్క కూడా ఆయనదే: ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతాడు. అంటే ఆఫీసులో నవ్వుని ఎవరూ పనిగట్టుకుని తయారుచేసేవాళ్లు కారు. లిఫ్టు తలుపు మొహం మీద మూసుకుపోయినప్పుడు, కాఫీ మెషిన్ ఉత్త వేడినీళ్లు పోసినప్పుడు, క్యాబ్ డ్రైవరు ఆరోసారి ఫోన్ చేసి 'మేడమ్, ఎక్కడున్నారు' అన్నప్పుడు అదే పుట్టేది. ఇంట్లో ఇవేమీ లేవు. పక్కన మనిషే లేడు. కాబట్టి నవ్వు కావాలంటే ఎవరో ఒకరు పూనుకుని పంపాలి. రిమోట్ హాస్యానికీ ఆఫీసు హాస్యానికీ అసలు తేడా ఇక్కడుంది. అప్పట్లో దానంతట అది దొరికేది, ఇప్పుడు చెయ్యాల్సిన పని అయింది.

మరి వీడియో కాల్‌లోనే నవ్వుకోవచ్చు కదా? ప్రయత్నించనివాళ్లు లేరు. అక్కడ అడ్డుపడేది మొహమాటం కంటే ముందు టైమింగ్. 2009లో పది భాషల సంభాషణలను పోల్చిన ఒక పరిశోధన, ఒకరు ఆపి ఇంకొకరు అందుకోవడానికి మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు దగ్గరే ఉంటుందని తేల్చింది. తర్వాత జూమ్ సంభాషణలను కొలిచిన అమెరికన్ పరిశోధకులకు ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు 135 మిల్లీసెకన్ల దగ్గరున్న విరామం జూమ్‌లో 487కి చేరినట్టు కనిపించింది. అర సెకను అంటే మామూలు మాటకి పెద్ద నష్టం లేదు. కౌంటర్‌కి మాత్రం ప్రాణం పోతుంది. గోదావరి వైపు వెటకారంలో బలమంతా అవతలివాడి మాట చివరి అక్షరం మీద వచ్చి పడటంలోనే ఉంటుంది. కాల్‌లో అదే మాట అర సెకను ఆలస్యంగా చేరుతుంది. ఈలోపు ఇద్దరు ఒకేసారి మాట్లాడబోయి, ఇద్దరూ ఆగి, 'మీరు చెప్పండి', 'లేదు లేదు మీరే' అనుకుంటారు. ఆ తర్వాత ఆ పంచ్‌ని మళ్లీ చెప్పమని అడిగే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు. రెండోసారి చెప్పిన పంచ్ మీటింగు మినిట్స్‌లో రాసుకోవడానికే పనికొస్తుంది.

పైగా అందరూ మ్యూట్‌లో ఉంటారు. జోకు వేసినవాడికి నవ్వు వినపడదు. నిశ్శబ్దంలో పడిన జోకు తర్వాత ఆ మనిషి వారం దాకా ఇంకోటి వేయడు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో మీటింగుల అలసటకి కారణాలు వివరిస్తూ దగ్గరగా కనిపించే మొహాలు, రోజంతా తెరమీద తన మొహం తానే చూసుకోవాల్సి రావడం, కదలకుండా కూర్చోవడం వంటివి చెప్పాడు. తన మొహాన్ని తాను చూసుకుంటూ హాయిగా నవ్వడం ఎంత కష్టమో ఫోటో స్టూడియోకి వెళ్లిన ఎవరికైనా తెలుసు.

కాల్‌లో నిజంగా నవ్వు పేలిన సందర్భాలన్నీ దాదాపు ప్రమాదాలే. 2020 మార్చిలో ఒక అమెరికన్ సంస్థలో బాస్ టీమ్స్ మీటింగులో పొరపాటున బంగాళదుంప మొహం ఫిల్టర్ పెట్టుకుని, తీసేయడం చేతకాక మీటింగంతా అలాగే కూర్చున్న చిత్రం ప్రపంచమంతా తిరిగింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ కోర్టు విచారణలో పిల్లిపిల్ల రూపంలో ప్రత్యక్షమైన న్యాయవాది తాను పిల్లిని కాదని జడ్జికి చెప్పుకోవాల్సి వచ్చింది. మన ఇళ్లలో ఈ పని కుక్కర్ చేసింది. కాల్ మధ్యలో మూడో విజిల్‌కి లీడ్ ఆగి 'ఎవరింట్లో పప్పు?' అని అడిగిన టీమ్‌లు తక్కువేం కాదు. వెనకనుంచి 'ఆ కంప్యూటరు కట్టేసి అన్నానికి రా' అని వినిపించిన అమ్మ గొంతు ఏ ఐస్‌బ్రేకర్ కంటే బాగా పనిచేసింది. ఎవరూ ప్లాన్ చేయకపోవడం వల్లే అవి పనిచేశాయి. మనిషి ఆ క్షణంలో ఉద్యోగిగా కాకుండా మామూలుగా దొరికిపోతాడు, చూసేవాళ్లకి తమ ఇల్లు గుర్తొస్తుంది.

ఇలా మాటలో ఇమడని హాస్యం రాతలోకి మళ్లింది. రాతలో టైమింగ్ బాధ లేదు. రెండు నిమిషాలు ఆలోచించి పంపిన కౌంటర్ కూడా అప్పటికప్పుడు తట్టినట్టే కనిపిస్తుంది. అయితే రాతకి గొంతు లేదు. 2005లో వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో ఈమెయిల్‌లో రాసిన వ్యంగ్యం నూటికి 78 సార్లు అవతలివాళ్లకి అర్థమవుతుందని రాసినవాళ్లు అనుకున్నారు. నిజానికి అర్థమైంది 56 సార్లు. వ్యంగ్యమా, నిజమా అని బొమ్మాబొరుసూ వేసినా 50 వస్తుంది. రాసేటప్పుడు మన చెవిలో మన గొంతు మోగుతూనే ఉంటుంది కాబట్టి అవతలివాళ్లకి అది చేరడం లేదన్న అనుమానమే రాదు.

ఈ చిక్కు కొత్తది కాదు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ మనుషులు తమ ఆన్‌లైన్ బోర్డు మీద లిఫ్టులో పాదరసం పడితే ఏమవుతుందని సరదాగా చర్చించుకుంటున్నారు. ఒకరు లిఫ్టు పాదరసంతో కలుషితమైందని జాగ్రత్త ప్రకటన ఫక్కీలో జోకు వేశారు. కొందరు దాన్ని నిజంగానే నమ్మారు. అప్పుడు స్కాట్ ఫాల్మన్ అనే శాస్త్రవేత్త సెప్టెంబరు 19న ఒక సలహా ఇచ్చాడు: జోకు అయితే పక్కన రెండు చుక్కలు, గీత, బ్రాకెట్‌తో పడుకున్న నవ్వు మొహం పెట్టండి అని. కలిసి పనిచేసేవాళ్లు తెరమీద ఒకరినొకరు అపార్థం చేసుకోకుండా ఉండటానికి పుట్టిన గుర్తు అది. ఈనాటి ఎమోజీలు చేసే పనుల్లో ముఖ్యమైనది ఇప్పటికీ అదే.

తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక సదుపాయం ఉంది. దాని పేరు బ్రహ్మానందం. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేసి సినిమాల్లోకి వచ్చిన ఆయన, ఒకే భాషలో అత్యధిక సినిమాల్లో కనిపించిన సజీవ నటుడిగా గిన్నిస్ రికార్డు కూడా అందుకున్నారు. అన్ని సినిమాలంటే అన్ని వందల మొహాలు. అనుమానానికి ఒకటి, అవమానాన్ని దిగమింగుకోవడానికి ఒకటి, తెలిసీ తెలియనట్టు ఉండటానికి ఒకటి. ఆ మొహం చూడగానే ఆ గొంతు, ఆ విరామం, ఆ సన్నివేశంలో ఆయన ఎలా ఇరుక్కున్నాడో అన్నీ చూసేవాళ్లకి గుర్తొస్తాయి. రాతలో పోయిన గొంతుని బొమ్మ ఇలా వెనక్కి తెస్తుంది. వాట్సాప్ 2018లో స్టికర్లు తెచ్చాక ఈ పని ఇంకా తేలికైంది. ఒక బొమ్మని ఎవరో కత్తిరించి పెడితే వారంలో గ్రూపంతా దాన్నే వాడుతుంది, నెలకి ఆ టీమ్‌కి మాత్రమే అర్థమయ్యే కొత్త అర్థం దానికి అతుక్కుంటుంది. బయటివాళ్లకి అది ఉత్త బొమ్మ. లోపలివాళ్లకి ఫలానా బుధవారం సర్వర్ పడిపోయిన రాత్రి.

అరటిపండు వేళ

పనిలో హాస్యం గురించి రాసిన వ్యాసాల్లో ఇప్పటికీ వన్నె తగ్గనిది డొనాల్డ్ రాయ్ అనే సామాజిక శాస్త్రవేత్తది. 1959-60లో అచ్చయిన ఆ వ్యాసం కోసం ఆయన ఒక ఫ్యాక్టరీలో రెండు నెలలు కూలిగా పనిచేశాడు. మిషన్ నొక్కి ఒకే ఆకారం ముక్కల్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా కత్తిరించడమే పని. మొదటి రోజుల్లో పిచ్చెక్కిపోతుందనిపించింది. తర్వాత గమనించాడు, తోటి కార్మికులు రోజంతటినీ చిన్న చిన్న ఆటలుగా విడగొట్టుకున్నారని. ఒకడు రోజూ తన కోసం డబ్బాలో అరటిపండు తెచ్చుకుంటాడు. ఇంకొకడు రోజూ దాన్ని దొంగిలించి, 'అరటిపండు వేళైంది' అని కేకేసి తినేస్తాడు. పోగొట్టుకున్నవాడు రోజూ తిడతాడు. మర్నాడు మళ్లీ తెస్తాడు. ఇందులో కొత్తదనం లేదు, తెలివి అంతకన్నా లేదు. రోజూ అదే జరగడమే దాని విలువ. అంతులేని పనికి మధ్యమధ్యలో అది గీతలు గీసింది.

రిమోట్ టీమ్‌ల రెండో గ్రూపులో జరిగేది సరిగ్గా ఇదే. పొద్దున పదికి జరిగే స్టాండప్ కాల్‌కి (ఎవరేం పని చేస్తున్నారో చెప్పుకునే రోజువారీ చిన్న మీటింగుకి) ముందు ఎవరో రోజూ 'ఈరోజు ఎవరి వంతు' అని పెడతారు. లీడ్ తరచూ వాడే ఇంగ్లీషు మాట ఒకదాని మీద బెట్టింగు నడుస్తుంది, ఈ కాల్‌లో అది ఎన్నిసార్లు వస్తుందని. 'స్క్రీన్ కనబడుతోందా' అన్న ప్రశ్న రాగానే ఒకే మనిషి ఒకే స్టికర్ పెడతాడు. బయటి నుంచి చూస్తే ఇదంతా సోది. ఇంట్లో ఒక గదిలో, ఒకే కుర్చీలో, పొద్దుటికీ రాత్రికీ తేడా తెలియకుండా గడిచే రోజుకి మాత్రం ఇవి గంటలు కొడతాయి. హాస్యం అంటే తెలివైన మాట అనుకునేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఒత్తిడిని తట్టుకోవడానికి పనికొచ్చే హాస్యంలో సగానికి సగం పాచిపోయిన జోకులే.

అమెరికా క్లయింట్లతో పనిచేసే టీమ్‌లకి ఇంకో వేళ కూడా ఉంది. డాలస్‌లో పొద్దున పదికి పెట్టిన కాల్ వేసవిలో హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నరకి వస్తుంది. నవంబరులో అక్కడ గడియారం వెనక్కి తిప్పగానే అదే కాల్ ఇక్కడ తొమ్మిదిన్నరకి జరుగుతుంది. ఆ వారం రెండో గ్రూపులో భోజనాల మీద, పెళ్లి సంబంధాల మీద, 'మా ఇంట్లో నన్ను చూసినవాళ్లు ఎవరూ లేరు' తరహా జోకులు ప్రతి ఏడూ వస్తాయి. ఆన్‌సైట్‌లో, అంటే అమెరికాలో క్లయింటు దగ్గరే ఉన్న తెలుగువాడే వాటికి ముందుగా జవాబిస్తాడు. అతనికి ఆ గంట కలిసొచ్చింది కాబట్టి తిట్లు తినడం అతని బాధ్యత.

రాయ్ కథలో రెండో భాగం కూడా ఉంది. ఆ ఫ్యాక్టరీలో ఒక కార్మికుడికి ప్రొఫెసర్ ఇంటి కుటుంబంతో వియ్యం కుదిరింది. దాని గురించి అతనికి గర్వం. ఒకరోజు రాయే సరదాకి, ఆ ప్రొఫెసర్ గారు మంగలి పని నేర్పే కాలేజీలో చెబుతుంటే చూశామని చెప్పమని తోటివాణ్ని ఉసిగొల్పాడు. అంతే, ఆ మనిషి మాట్లాడటం మానేశాడు. ఆటలన్నీ ఆగిపోయాయి. రోజుల తరబడి ఆ గదిలో మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. పని అలసట ఎంత ఉందో అప్పుడే అందరికీ తెలిసొచ్చింది. రోజూ అరటిపండు పోగొట్టుకున్నా రాని కోపం ఒక్క మాటకి వచ్చింది. అరటిపండు ఆటలో అందరికీ తమ పాత్ర తెలుసు. ప్రొఫెసర్ జోకులో ఆ మనిషి ఇంటి పరువు ఉంది.

బావా, మామా

ఎవరితో ఎంతవరకు హద్దు దాటొచ్చో ప్రతి సమాజం ముందే ఏర్పాటు చేసుకుంటుంది. మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ఇలాంటి పరిహాస బంధుత్వాల గురించి రాశాడు. ఆటపట్టించడానికి ఒకరికి హక్కు, కోపం తెచ్చుకోకుండా ఉండటం రెండోవాళ్ల బాధ్యత. తెలుగిళ్లలో దీన్ని వివరించనక్కర్లేదు. బావామరుదుల మధ్య, బావామరదళ్ల మధ్య చెల్లే మాట అన్నదమ్ముల మధ్య చెల్లదు. రెండో గ్రూపులో కుర్రాళ్లు ఒకరినొకరు 'బావా', 'మామా' అనుకోవడం ఊరికే కాదు. ఆ పిలుపుతో ఆటపట్టించే లైసెన్సు పుచ్చుకుంటున్నారు. మొదటి గ్రూపులో అదే మనిషి 'గారు' అవుతాడు, లేకపోతే 'బ్రో' దగ్గర ఆగుతాడు. సీనియర్‌ని 'అన్నా' అని పిలిచే చోట వెటకారం సగం వేగంతో నడుస్తుంది.

ఇక్కడే ఈ ఏర్పాటులోని లోపం కూడా కనపడుతుంది. బావా, మామా అనుకునే గ్రూపులో అమ్మాయిలకి చోటెక్కడ? చాలా టీమ్‌లలో వాళ్లు మూడో గ్రూపు పెట్టుకున్నారు. అందులో నడిచే హాస్యం వేరే రకం. కాల్‌లో కెమెరా ఆపి కూర తరగడం, స్టాండప్‌లో 'నో బ్లాకర్స్' (నా పనికి అడ్డంకులేమీ లేవు) అని చెప్పిన క్షణంలో వెనక అత్తగారు పిలవడం, 'వర్క్ ఫ్రమ్ హోమా, వర్క్ ఫర్ హోమా' అన్న పాత వేళాకోళం. రెండు షిఫ్టులు ఒకే గదిలో చేసేవాళ్లకి ఆ గ్రూపు అవసరం మగవాళ్ల కంటే ఎక్కువే. భాష సంగతీ అంతే. టీమ్‌లో ఒక ఒడియా అమ్మాయి, ఒక తమిళ కుర్రాడు ఉంటే తెలుగు జోకు వాళ్ల మొహం మీద తలుపు వేసినట్టే. అందరూ నవ్వుతున్న చోట అర్థం కాకుండా కూర్చోవడం, ఎవరూ నవ్వని చోట కూర్చోవడం కంటే ఒంటరితనం.

అధికారం కింద ఉన్నవాళ్లు పెద్దల ముందు మాట్లాడే మాట ఒకటి, చాటున మాట్లాడే మాట ఇంకొకటి అని రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ 1990లో వివరంగా రాశాడు. రైతుల గురించి, బానిసల గురించి రాసిన ఆ ఆలోచనని నెలజీతం ఉద్యోగులకి అతికించడం కాస్త అతిగా అనిపించవచ్చు. కానీ గ్రూపులు ఎందుకు రెండు ఉంటాయో అంతకంటే బాగా చెప్పే వివరణ కనపడదు. ఆఫీసులో చాటు అంటే మెట్ల దగ్గర, సిగరెట్ కొట్టు దగ్గర దొరికేది. ఇంట్లో చాటు ఫోన్‌లోనే ఉంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటల మాట ఎత్తి ఇంట్లో భార్య మొహం ఎంతసేపు చూస్తారని అడిగినప్పుడు మొదటి గ్రూపుల్లో ఒక్క అక్షరం పడలేదు. రెండో గ్రూపులు ఆ వారమంతా పొంగిపొర్లాయి. పొద్దుటినుంచీ ఒకే గదిలో ల్యాప్‌టాప్‌నీ భార్యనీ మార్చి మార్చి చూస్తున్నవాళ్లకి ఆ మాట కంటే గొప్ప ముడిసరుకు దొరకదు.

బాస్ వేసిన జోకు సంగతి దీనికి పూర్తిగా ఎదురు. మనసులో లేని భావాన్ని జీతం కోసం మొహం మీద చూపించడం కూడా ఒక శ్రమేనని ఆర్లీ హాక్‌షైల్డ్ 1983లో విమాన సిబ్బంది ఉదాహరణతో చెప్పింది. వీడియో కాల్‌లో ఈ శ్రమ ఇంకా పెరిగింది. ఆఫీసులో వెనక వరసలో ఉన్నవాడు నవ్వకపోయినా చెల్లేది. ఇప్పుడు పదహారు గడుల్లో పదహారు మొహాలు కనిపిస్తాయి, ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో లెక్క దొరుకుతుంది. అందుకే మేనేజర్ జోకు వేయగానే నవ్వు మొహాల ఎమోజీలు బుడగల్లా పైకి తేలుతాయి. ఆ బుడగల్ని చూసి తన హాస్యం పండిందనుకునే మేనేజర్లు ఉన్నారు, పాపం. తన మీద తాను జోకు వేసుకోగలిగిన మేనేజర్ సంగతి వేరు. 'నేనే మ్యూట్‌లో ఉండి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను' అన్న మాట కింది ఉద్యోగికి తప్పు చేసే స్వేచ్ఛనిస్తుంది.

నవ్వి ఊరుకోవడం

మనస్తత్వ శాస్త్రంలో ఒత్తిడిని ఎదుర్కొనే మార్గాలను రెండుగా చూడటం 1984లో లాజరస్, ఫోక్‌మన్ రాసిన పుస్తకంతో స్థిరపడింది. సమస్యని మార్చడానికి చేసే ప్రయత్నం ఒకటి, సమస్య వల్ల కలిగిన బాధని సంబాళించుకోవడం రెండోది. హాస్యం ప్రధానంగా రెండో రకం. డెడ్‌లైన్ అలాగే ఉంటుంది, దాన్ని చూసే మనిషి కాస్త కుదుటపడతాడు. కలిసి బాగా నవ్వినవాళ్లు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలుగుతున్నారని 2011లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ బృందం చూపింది. ఓర్చుకోవడం అన్న మాటనే గట్టిగా పట్టుకోవాలి. నొప్పి ఎక్కడికీ పోలేదు.

అన్ని హాస్యాలూ ఒకటి కావని కెనడా మనస్తత్వవేత్త రాడ్ మార్టిన్ బృందం 2003లో నాలుగు రకాలు చేసింది. నలుగురినీ కలిపేది, కష్టంలో తనని తాను నిలబెట్టుకునేది, ఎదుటివాణ్ని పొడిచేది, తనని తాను తక్కువ చేసుకునేది. మొదటి రెండూ మంచివి, తర్వాతి రెండూ చెడ్డవి అని గీత గీసేయడం తేలిక. రిమోట్ టీమ్‌లో నాలుగోదాని మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి. ఎందుకంటే అది మొదటిదానిలాగే కనిపిస్తుంది. 'ఇంకా బతికే ఉన్నా', 'నిద్ర అంటే ఏంటి సార్' లాంటి మాటలు గ్రూపంతటికీ నవ్వు తెప్పిస్తాయి. ఆఫీసులో అయితే ఆ మాట అన్నవాడి కళ్ల కింద నలుపు పక్క సీటువాడికి కనపడేది. ఫోన్‌లో కనపడేది జోకు మాత్రమే. ఒకే మనిషి జోకులన్నీ తన అలసట మీదికే తిరుగుతున్నాయంటే స్టికర్ పంపి ఊరుకోకుండా ఫోన్ చేసి మాట్లాడాలి.

ఉద్యోగాలు పోయిన కాలంలో ఇది ఇంకా ముదిరింది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని, గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. అమెరికాలో హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. తెలుగు గ్రూపుల్లో ఆ అరవై మీద అల్లని జోకు లేదు. ఉరికంబం దగ్గర హాస్యం అని దీనికి పేరు. నాజీల ఆక్రమణలో ఉన్న చెకొస్లొవేకియాలో ఇలాంటి జోకులు ఎలా ధైర్యాన్నిచ్చాయో ఆంటొనిన్ ఒబ్ర్‌ద్లిక్ 1942లో రాశాడు. తమకు భయం లేదని కాదు, భయానికి పూర్తిగా లొంగలేదని చెప్పుకోవడానికి జనం నవ్వారని ఆయన గమనింపు. అరవై రోజుల జోకులు కూడా అంతే. ఒక తేడా మాత్రం ఉంది. ఉద్యోగం పోయినవాడు వేస్తే అది ధైర్యం. ఉద్యోగం ఉన్నవాడు వేస్తే అవతలివాడి పుండు మీద వేలు.

నవ్వు వల్ల జరిగే ఇంకో నష్టం గురించి కంపెనీలు మాట్లాడవు, వాటికి అవసరం లేదు. రాత్రి పదకొండు కాల్ మీద పది మంచి జోకులు పడ్డాక, ఆ కాల్ టైము మార్చమని అడగాలన్న కోపం ఎవరికీ మిగలదు. ఫిర్యాదు కావాల్సింది మీమ్ అయి పోతుంది. హాస్యం ఒత్తిడిని తట్టుకోనిస్తుంది కాబట్టే ఒత్తిడి కొనసాగడానికి కూడా సాయం చేస్తుంది. ఈ చిక్కుకి విరుగుడుగా జోకులు మానమనడం అర్థం లేని సలహా. అయితే ఏ జోకు నెలల తరబడి తిరుగుతోందో చూస్తే ఎక్కడ నొప్పి ఉందో తెలుస్తుంది. అలా తిరుగుతున్నదాన్ని ఎవరో ఒకరు మొదటి గ్రూపులోకి సీరియస్ వాక్యంగా మార్చి తీసుకెళ్లాలి. చాలా టీమ్‌లలో ఆ ఒకరు దొరకరు.

రాతకి ఇంకో గుణం ఉంది, అది చెరగదు. మెట్ల దగ్గర అన్న మాట గాలిలో కలిసిపోయేది, గ్రూపులో అన్న మాట స్క్రీన్‌షాట్ అవుతుంది. వాట్సాప్ 2020 నవంబరులో వాటంతటవే మాయమయ్యే మెసేజ్‌లు తెచ్చినా, మాయమయ్యేలోపు ఫోటో తీసుకునేవాణ్ని అవి ఆపలేవు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, లైంగికార్థం వచ్చే వ్యాఖ్యలను కూడా వేధింపుగానే లెక్కిస్తుంది. పనిచోటు నిర్వచనంలో నివాస గృహాన్నీ చేర్చింది. కాబట్టి 'సరదాకి పెట్టాను', 'ఇంట్లో ఉండి పెట్టాను', 'ఆఫీసు గ్రూపు కాదు' అనేవి తప్పించుకునే దారులని ఎవరూ ధీమాగా ఉండటానికి లేదు. పొరపాటున మొదటి గ్రూపులో పడిపోయిన స్టికర్ ఒక్కటి చాలు. డిలీట్ చేసినా డిలీట్ చేసినట్టు గుర్తు చాలాసార్లు మిగులుతుంది, అందరూ ఏమై ఉంటుందా అని ఊహించుకోవడం మొదలుపెడతారు. ఊహ అసలు జోకు కంటే ఘోరంగా ఉంటుంది.

ఇప్పుడు చాలా కంపెనీలు వారానికి మూడు రోజులో ఐదు రోజులో ఆఫీసుకి రమ్మంటున్నాయి. దానివల్ల రెండో గ్రూపు మూతపడలేదు. టీమ్‌లో సగం పుణెలో, ఇద్దరు డాలస్‌లో ఉంటే ఆఫీసుకి వచ్చినవాళ్లు కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని అదే కాల్‌లో చేరుతున్నారు, అదే ఫోన్‌లో అదే స్టికర్ పెడుతున్నారు. చిక్కంతా కొత్తగా చేరినవాళ్లది. లాక్‌డౌన్ కాలంలో కొరియర్‌లో ల్యాప్‌టాప్ అందుకుని ఉద్యోగంలో చేరినవాళ్లకి మొదటి గ్రూపులో స్వాగతం, పూలగుత్తి ఎమోజీ, కోర్సుల జాబితా అన్నీ తొలిరోజే దొరికాయి. రెండో గ్రూపు ఒకటి ఉందని తెలియడానికే నెలలు పట్టింది. అందులో చేరాక కూడా ఆ బుధవారం రాత్రి జోకులు అర్థం కావు, అడిగితే వివరించాలి, వివరిస్తే నవ్వు రాదు. సాధారణంగా వాళ్లకి ప్రవేశం దొరికేది వాళ్ల మొదటి ప్రొడక్షన్ ఇష్యూ, అంటే వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన చిక్కు, అర్ధరాత్రి దాటాక తేలిన మర్నాడు. అప్పుడు ఎవరో నంబరు అడిగి యాడ్ చేస్తారు, కిందనే బ్రహ్మానందం స్వాగతం చెబుతాడు. దీనికి హెచ్‌ఆర్ దగ్గర ఫారం ఏమీ లేదు.